ఇరవై మూడో గడి

మా పత్రిక మొదటి పేజీలో, ఎడమవైపు అడుగున, మూడంగుళాల వెడల్పున ఒక గడి ఉండేది. ఇరవై ఎనిమిదేళ్లపాటు అందులో ఒకే మనిషి బొమ్మ వేశాడు. రోజుకొక బొమ్మ, దాని కింద ఒక్క మాట. చాలామంది పేపరు చదవడం ఆ మూల నుంచే మొదలుపెట్టేవారు. తోటి కార్టూనిస్టులు ఆయనకి ఒంటిగడి అని పేరు పెట్టారు. వాళ్లు వెక్కిరింతకే పెట్టినా ఆయన బిరుదులా తీసుకున్నాడు.

ఆయన పని చేసే గది వంటింటిని ఆనుకుని ఉంటుంది. బల్ల, కుర్చీ, గోడకి ఒక అల్మారా పెట్టాక, మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత చోటే మిగిలింది. కిటికీ కింద సైకిళ్లు బాగుచేసే కొట్టు. మధ్యాహ్నం రెండింటికి వెలుతురు బల్ల ఎడమ మూలన పడుతుంది. నాలుగింటికి కుడి అంచు దాటిపోతుంది. బొమ్మ ఆ రెండు గంటల్లో పూర్తయ్యేది. మూడుంపావుకి భార్య డ్యూటీ దిగి వచ్చేది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. చెప్పులు విప్పకముందే ఆవిడ ముందు కాగితం పెట్టేవాడు. ఆవిడ నవ్విందంటే బొమ్మ నేరుగా పత్రికకి వెళ్లేది. "బాగుంది" అంటే కింద మాట మార్చేవాడు. ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోతే చించేసి కొత్తది మొదలుపెట్టేవాడు. అన్నేళ్లలో ఒక్కరోజు కూడా నాలుగు దాటి ఐదు నిమిషాలు ఆలస్యం చేయలేదు. పత్రికాఫీసులో ఈ మాట ఇంకెవరి గురించీ చెప్పలేం.

ఆయన బొమ్మ కింద మాట తలుపు వేసి గడియ పెట్టినట్టు ఉండేది. చదవగానే నవ్వు వచ్చేది, అక్కడితో సరి. మనిషి మాట కూడా అంతే. ఒకసారి ఎదురింటాయన వచ్చి, "మా వాడికి చదువైపోయి రెండేళ్లయింది సార్, ఇంకా ఉద్యోగం రాలేదు" అన్నాడు. "ఇంట్లోనే ఉన్నాడుగా, వచ్చినప్పుడు తలుపు తీస్తాడు" అన్నాడు ఒంటిగడి. ఎదురింటాయన పడీపడీ నవ్వాడు. పత్రికలో ఎవరికైనా ఒక మాట చెప్పమని అడగడానికి వచ్చినవాడు, నవ్వుతూనే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పోయినేడాది పత్రిక రూపం మార్చారు. ఆ మూలన వాతావరణం వివరాలు వేయడం మొదలుపెట్టారు. సంగతి చెప్పడానికి డెస్కు వాళ్లంతా మొహమాటపడుతుంటే ఆయనే, "పర్వాలేదులెండి, నా గడిలో ఇకనుంచి వానలు పడతాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వాక ఎవరూ ఇంకేమీ అనలేకపోయారు. కనీసం బాధగా ఉందని చెప్పే వీలు కూడా ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు రెండింటికి బల్ల ముందు కూర్చోవడం మాత్రం మానలేదు. వెలుతురు ఎడమ మూలన వచ్చేది, తెల్లకాగితం మీదుగా నెమ్మదిగా నడిచి కుడివైపు దిగిపోయేది. కింద కొట్టులో గాలిపంపు ఊపిరి తీసి వదిలేది. భార్య వచ్చి చెప్పులు విప్పేది. ఆవిడ ముందు పెట్టడానికి ఏమీ ఉండేది కాదు.

అప్పుడు వచ్చింది డ్రాయింగు టీచరు, చంకలో కాగితపు చుట్టతో.

ఆవిడ హైస్కూల్లో బొమ్మలు నేర్పుతుంది, తీరికవేళ కార్టూన్లు వేస్తుంది. ఊళ్లో పాత దూది గోదామునొకదాన్ని శుభ్రం చేసి గ్యాలరీగా మార్చారు. అక్కడ స్థానిక కార్టూనిస్టుల ప్రదర్శన పెట్టే పని ఆవిడ నెత్తిన పడింది. ఒక గోడకి ఎవరి బొమ్మలు వాళ్లవి తగిలిస్తారు. మిగతా మూడు గోడల పొడవునా ఒకే కథ ఉండాలని ఆవిడ కోరిక. నలుగురు కలిసి గీసేది. నలభై గడులు, మనిషికి పది.

"నిబంధన ఒక్కటే గురువుగారూ" అంది టీచరు, చుట్టని బల్ల మీద దొర్లించి. "ముందు గీసినవన్నీ చుట్టేసి బట్టల క్లిప్పు పెట్టేస్తాం. గీసేటప్పుడు మీకు ఆఖరి గడి ఒక్కటే కనిపిస్తుంది. దాన్ని చూసి మీ గడి గీయాలి. గీశాక కుడి అంచున, రెండు వేళ్ల మేర, లేత నీలం పెన్సిల్తో తర్వాతివాళ్లకి ఒక కొస వదలాలి. గీతో, చెయ్యో, నీడో, ఏదైనా సరే. వాళ్లు దాన్ని పట్టుకుని ముందుకెళ్తారు."

"కొస వదలడమంటే బుద్ధి వదిలేయడం లాంటిదా?"

టీచరు నవ్వింది. నవ్వుతూనే చుట్ట విప్పి చూపించింది. మొదటి గడిలో ఒక మనిషి తన ఇంటి వీధి తలుపుని ఊడదీసి వీపున మోసుకుంటూ రోడ్డు వెంట పోతున్నాడు. ఎందుకో, ఎక్కడికో ఆవిడకీ తెలియదట.

మిగిలిన ఇద్దరిలో ఒకరు పళ్ల డాక్టరు. ఆయన గీసిన ప్రతి మనిషికీ ముప్ఫై రెండు పళ్లూ కనిపిస్తాయి, ఆ మనిషి ఏడుస్తున్నా సరే. ఇంకొకరు మందుల పెట్టెల మీద బొమ్మలు వేసే కంపెనీలో పనిచేసే అమ్మాయి. పదేళ్లుగా కంప్యూటరు గాజుపలక మీద తప్ప గీయలేదు కాబట్టి పలకమ్మాయి అయింది. ఈ చుట్ట మీద గీస్తూ గీత తప్పినప్పుడల్లా, పలక మీదలా చెరిగిపోతుందేమోనని రెండు వేళ్లతో కాగితాన్ని తట్టి చూసుకునేదట.

రెండో గడి పలకమ్మాయిది. వాన. తలుపు మోస్తున్న మనిషి వెనకాల, ఆ తలుపు కింద తల దాచుకుని ఎవరో ఆరుగురు నడుస్తున్నారు. అంచున నీలం రంగులో ఏడో మనిషి కాలు, అప్పుడే చూరు కిందికి అడుగుపెడుతూ.

మూడో గడి ఒంటిగడిది. నాలుగు నెలల తర్వాత ఆయన బల్ల మీద ఇంకు వాసన వచ్చింది. గంటలో పూర్తిచేశాడు. భార్య చెప్పులతోనే నిలబడి నవ్వింది.

ఆదివారం పొద్దున నలుగురూ పళ్ల డాక్టరు క్లినిక్కులో కలిశారు. చుట్ట విప్పారు. మూడో గడిలో ఆ మనిషి మరమ్మతు కొట్టు ముందు తలుపు దించి, ఆయాసపడుతున్నాడు. కొట్టువాడు అంటున్నాడు: "కిర్రుమంటోందని ఫోన్లో చెబితే, చుక్క నూనె వేసుకోమనేవాణ్ణిగా!"

డాక్టరు నవ్వలేక రోగులు కూర్చునే కుర్చీలో వాలిపోయాడు. టీచరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పలకమ్మాయి ఫోన్లో ఫొటో తీసుకుంది. ఆ సందడంతా తగ్గాక టీచరు అడిగింది.

"మరి తర్వాత?"

నలుగురూ కాగితం మీదికి వంగారు. మనిషి తలుపు ఎందుకు మోస్తున్నాడో తెలిసిపోయింది. చుక్క నూనె వేసుకుని ఇంటికి పోతాడు. గది పొడవునా ముప్ఫై ఏడు గడుల తెల్లకాగితం పడుకుని ఉంది. ఒంటిగడి వదలాల్సిన నీలం కొస ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆయన దాన్ని మరిచిపోలేదు. వదలడానికి కొస ఏమీ మిగల్లేదు, అంతే.

నాలుగో గడి డాక్టరుది. ఆయన మూడు రోజులు తల పట్టుకుని, చివరికి ఆ మనిషిని ఉలిక్కిపడి నిద్ర లేపాడు. నూనె సంగతంతా కల. మళ్లీ తలుపెత్తుకుని బయల్దేరాడు. ఏడో గడిలో ఒంటిగడి ఆ మనిషిని బస్సు ఎక్కించాడు. డ్రైవరు గబగబా ఆ తలుపుని బస్సుకి బిగించేసి, "బతికించావు నాయనా, మా బండికి అదొక్కటే తక్కువ!" అన్నాడు. మళ్లీ అందరూ పొట్ట పట్టుకున్నారు. డాక్టరు మళ్లీ నిద్ర లేపాడు. పదకొండో గడిలోనూ అదే అయింది. మూడుసార్లు నిద్ర లేచిన మనిషి మొహంలో, ముప్ఫై రెండు పళ్లున్నా, నీరసం తెలిసిపోతోంది.

ఆ ఆదివారం డాక్టరు ఇంక ఆపుకోలేకపోయాడు.

"అన్నగారూ, నిన్న మూడు పళ్లు పీకాను. మూడూ తేలిగ్గా వచ్చాయి. మీ గడి తర్వాత గడి మాత్రం ఎంత లాగినా రావడం లేదు."

"మత్తుమందు ఇచ్చి చూశావా?"

డాక్టరు నవ్వాడు. పలకమ్మాయి నవ్వలేదు. "అదిగో బాబాయ్ గారూ, ఇప్పుడు కూడా అదే చేశారు" అంది నెమ్మదిగా. "ఆయన ఏదో చెప్పబోయాడు. అయిపోయింది."

టీచరు గొంతు సవరించుకుంది. పిల్లలకి మార్కులు తక్కువ వచ్చిన సంగతి తల్లిదండ్రులకి చెప్పి చెప్పి ఆవిడకి ఆ గొంతు అలవాటే. "మేం ముగ్గురం ఒకటి అనుకున్నాం గురువుగారూ. ముగించడంలో మీ అంత వాళ్లు లేరు. నలభయ్యో గడి మీది. ఆఖరిది. అందరూ దాని కోసమే చివరిదాకా నడుస్తారు. మధ్యలోవి మేం పంచుకుంటాం."

పెద్దపీటే. కాదనడానికి లేదు. అయినా అది బయటికి పంపే తలుపని ఒంటిగడికి అర్థమైంది. పత్రికవాళ్లు కూడా ఇంత మర్యాదగానే చెప్పారు. ఆయన కాసేపు క్లినిక్కు గోడ మీది దంతాల పటాన్ని చూస్తూ కూర్చున్నాడు. నోటి దాకా ఒక మాట వచ్చే ఉంటుంది. ఎందుకో ఆ రోజు బయటికి రాలేదు.

"ఆఖరిది వద్దు" అన్నాడు. "నాకు మధ్యలో గడి కావాలి. ఒక్కటి చాలు."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"సరే. ఇరవై మూడోది" అంది టీచరు. "కానీ దాంట్లో కూడా కథ ముగిసిపోతే, ఏమీ అనుకోకండి, ఆ గడి కత్తిరించేసి అటుదీ ఇటుదీ అతికించేస్తాం. ఇంకో ఐదు వారాలే ఉంది. మళ్లీ నిద్ర లేపడానికి ఆ మనిషికి ఓపిక లేదు."

"కత్తెర నేనే తెచ్చుకుంటాను" అని, తనే నాలిక కరుచుకున్నాడు.

ఆ రోజు ఇంటికి నడిచే వచ్చాడు. ఆదివారం కాబట్టి దుకాణాలు సగం మూసి ఉన్నాయి. మబ్బు పట్టి ఎండ పాలిపోయి, వీధి తడిపిన కాగితంలా ఉంది. అన్నాళ్లూ గమనించలేదు గానీ, దారి పొడవునా తలుపులన్నీ ఓరగా తెరిచి ఉన్నాయి. ఒకదాని వెనక రేడియో, ఒకదాని వెనక కుట్టుమిషను, ఒకదాని వెనక నీళ్లు పట్టే చప్పుడు. ఏ తలుపు సందులోంచీ మనిషి కనిపించలేదు. ఒక ఇంటి ముందు ఎవరివో చెప్పులు విప్పి ఉన్నాయి, ఒకటి లోపలివైపు, ఇంకొకటి బయటివైపు తిరిగి. ఆయన వాటి దగ్గర కొంచెంసేపు ఆగాడు. వచ్చినవాళ్లో, వెళ్లబోయేవాళ్లో తేలలేదు. ఒంటిగడికి అలాంటి తేలని సంగతులతో అలవాటు లేదు.

ఆ తర్వాత మూడో గురువారం పలకమ్మాయి చుట్ట తెచ్చి ఇచ్చింది. "శనివారం కల్లా డాక్టరుగారికి చేర్చేయాలి బాబాయ్ గారూ" అని, మెట్ల మీద ఆగి, "మీకు సులువుగా ఉండేలా వదిలాను" అని కూడా అంది. ఆ జాలి ఆయనకి గుచ్చుకుంది.

ఇరవై రెండో గడి పొగమంచుతో నిండి ఉంది. వంతెన మధ్యలో ఆ మనిషి నిలబడి ఉన్నాడు. వంతెనకి ఆ చివరా లేదు, ఈ చివరా లేదు. వీపు మీద తలుపు. అంచున నీలం గీతల్లో వంతెన కమ్మీలు అలా సాగిపోతున్నాయి.

శుక్రవారం రెండింటికి వెలుతురు ఎడమ మూలన వచ్చింది. రెండుంపావు కల్లా నాలుగు మాటలు తట్టాయి. వంతెన కాపలావాడు, "మనిషికి దారి వదిలాం, తలుపుకి పర్మిషను వేరే" అంటాడు. అది ఒకటి. మిగతా మూడూ దానికన్నా బాగున్నాయి. నాలుగింటినీ మందులచీటీ వెనక రాసుకున్నాడు. నాలుగూ గడియ పడ్డ తలుపులే. చీటీని దూరంగా జరిపి కూర్చున్నాడు. వెలుతురు ఖాళీ గడి మీదుగా నడవసాగింది.

మూడుంపావుకి భార్య వచ్చింది. పాత అలవాటున ఆయన కాగితం ఆవిడ ముందు పెట్టేశాడు. పెట్టాక గానీ అందులో ఏమీ లేదని గుర్తురాలేదు.

"ఇదేంటి, ఖాళీగా ఉంది?"

"వచ్చినవన్నీ ముగిసిపోతున్నాయి."

"మీవి ముగియనిదెప్పుడు?" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. చేతులు కడుక్కుంటున్న చప్పుడు. నర్సు కదా, మోచేతుల దాకా కడుగుతుంది, అంతసేపూ మాట్లాడుతుంది. "నేను నోరు తెరుస్తాను. మీరు నవ్విస్తారు. నవ్వుతాను. చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోతుంది. నవ్వాను కదా, కోప్పడ్డానికి కూడా ఉండదు."

"ఏం ఉండిపోయింది అలా?"

"ఏవని చెప్పను! ఆ రైలాయన సంగతి చెప్పానా మీకు?"

చెప్పలేదు. చెప్పబోయింది. పద్నాలుగేళ్ల కిందట ఆవిడ ఇలాగే డ్యూటీ నుంచి వచ్చి, "ఇవాళ వార్డులో ఒకాయన మంచం మీద పడుకుని రైల్లో ఉన్నాననుకుంటున్నాడండీ, ఏ స్టేషనని అడుగుతున్నాడు" అంది. ఆయన క్షణం ఆలస్యం చేయకుండా, "టికెట్టు చూపించమన్నావా?" అన్నాడు. ఆవిడ నవ్వింది. అప్పటికి నాలుగు కావడానికి ఇరవై నిమిషాలుంది. వేసిన బొమ్మ చించేసి కొత్తది వేశాడు. స్ట్రెచరు మీది రోగితో డాక్టరు అంటున్నాడు: "మీది వెయిటింగ్ లిస్టు. లోపల ఎవరైనా దిగితే ఎక్కుదురుగాని." ఆయన పేరు చెప్పగానే జనం ఇప్పటికీ తలుచుకునే బొమ్మ అది. ఆస్పత్రి క్యాంటీను గోడ మీద అతికించారు, పసుపెక్కిపోయినా తీయలేదు. భార్య రోజూ దాని కింద కూర్చుని టీ తాగుతుంది.

"చెప్పు" అన్నాడు.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆయన మొహంలోకి అనుమానంగా చూసింది. "నాలుగో మంచం ఆయనది. కిటికీ పక్కన..." అని ఆగింది. "అదిగో, ఏదో అనబోయారు."

"లేదు. నోరు విప్పలేదు."

"కళ్లతో అన్నారు. ఊ కొట్టండి, చెప్తాను. ఊ కొట్టేవాళ్లు లేకపోతే నాకు చెప్పడం రాదు."

"ఊ" అన్నాడాయన. ఎన్నేళ్ల తర్వాత అన్నాడో, గొంతు కొత్తగా ఉంది.

"ఆ వార్డులో పాత ఫ్యాన్లుండేవి చూడండి, రైలు చప్పుడే. రెండు వరసల మంచాలు, మధ్యలో దారి, కిటికీలకి తెరలు. సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకి అడిగేవాడు. 'అమ్మా, ఏ స్టేషను?' అని. మొదటిరోజు ఇది ఆస్పత్రి బాబుగారూ అన్నాను. మొహం ఎలా అయిపోయిందనుకున్నారు! రైలు తప్పిపోయినవాడి మొహం. మర్నాడు ఏదో నోటికొచ్చిన పేరు చెప్పాను. 'అయితే ఇంకా దూరముంది' అని హాయిగా నిద్రపోయాడు."

"ఊ."

"రోజుకొక పేరు. నాకు తెలిసిన ఊళ్లెన్ని, నాలుగు రోజుల్లో అయిపోయాయి. తర్వాత నేనే కట్టాను. దూదిపాలెం. అద్దాలపేట. వానగట్టు జంక్షన్. వానగట్టు అన్నరోజు ఐదో మంచం ఆయన లేచి, 'ఇక్కడ టీ బాగుంటుంది' అన్నాడు. ఏడో మంచం ఆవిడ తెర జరిపి ప్లాట్‌ఫారం చూసింది. పెద్దడాక్టరు రౌండుకి వచ్చి, 'ఏమ్మా, రైటు టైముకేనా?' అని అడిగి వెళ్లేవాడు. ఒకరోజు పేరు చెప్పడం మర్చిపోయాను. వార్డు వార్డంతా మెలకువగా ఉన్నారండీ, బండి ఆగలేదని."

గాలిపంపు ఆగింది. కింద కొట్టువాడు కూడా వింటున్నాడేమో అన్నట్టు. గది చిన్నది కదా, ఆవిడ ఊళ్ల పేర్లు చెబుతుంటే గోడలు మెల్లగా వెనక్కి జరుగుతున్నట్టు ఆయనకి అనిపించింది. కిటికీ అవతల చెట్లో, స్తంభాలో, తెరిచి ఉన్న తలుపులో, ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. నాలిక చివరికి రెండు జోకులు వచ్చాయి. రెండూ మంచివే. వాటిని స్టేషన్లో దిగనివ్వలేదు.

"పన్నెండో రోజు నా డ్యూటీ మార్చారు, పై అంతస్తుకి. దిగేటప్పుడు అప్పగింత పుస్తకంలో రాయాలి కదా, తర్వాతి సిస్టరు కోసం. ఎవరికి ఏ మందు, ఎవరికి ఏ సూది. నాలుగో మంచం దగ్గర రాశాను, మధ్యాహ్నం ఒంటిగంటకి స్టేషను పేరు చెప్పాలి, నిన్నటి పేరు చెప్పకూడదు అని, కింద ఇంకో మూడు ఊళ్లు కట్టి."

"తర్వాత?"

ఆ మాట తననుంచే వచ్చిందని ఆయనకి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

"తర్వాత నాకు తెలీదు. ఆర్నెల్లకి కిందికి వచ్చేసరికి ఆ మంచం మీద వేరే ఆయన ఉన్నాడు."

"కనుక్కోలేదా?"

"నేను పైకి వెళ్లిన నాలుగు రోజులకి ఆ సిస్టరు మెట్ల దగ్గర కనిపించింది. 'అక్కా, మీరు రాసిచ్చిన ఊళ్లయిపోయాయి, నేను కొత్తవి కడుతున్నాను' అంది. నాకు అది చాలనిపించింది." ఆవిడ లేచింది. "మా పని అంతే కదండీ. ముగించేది ఏముంటుంది? అప్పగిస్తాం."

గోడ గడియారం నాలుగూ ముప్పావు చూపిస్తోంది. వెలుతురు బల్ల దిగి చాలాసేపయింది. నాలుగు దాటిన సంగతి ఆయనకి తెలియకపోవడం అదే మొదటిసారి.

దీపం వేసుకుని గీశాడు. తలుపు మోసీ మోసీ అలిసిన మనిషి, దాన్ని వంతెన మధ్యలో నిలబెట్టి, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. ముందూ పొగమంచే, వెనకా పొగమంచే. తలుపు అవతల నేల లేదు, ఇల్లు లేదు. అటువైపు నుంచి ఒక మాట వస్తోంది.

"ఎవరూ?"

అంతే. ఆ మాటకి జవాబులు అప్పటికే ఐదు తయారుగా ఉన్నాయి. ప్రతి ఒక్కటీ క్యాంటీను గోడకి ఎక్కే సరుకే. చెయ్యి దానంతటదే కాగితం వైపు వెళ్తోంది. ఆయన పెన్నుకి మూత పెట్టి, తీసుకెళ్లి వంటింట్లో గరిటెల సొరుగులో పడేసి వచ్చాడు. లేత నీలం పెన్సిలు ఒక్కటే చేతికి మిగిలింది. అంచున తలుపు రెక్క గీత ఒకటి గీశాడు, చట్రానికి వేలెడు ఎడంగా.

ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదని తర్వాత చెప్పాడు. ముగించకుండా పడుకోవడం ఆయనకి కొత్త.

శనివారం పొద్దున క్లినిక్కుకి వెళ్లేసరికి కుర్చీలో ఒక లావుపాటి మనిషి నోరు తెరుచుకుని ఉన్నాడు. డాక్టరు చేతి తొడుగులు తీసి, క్లిప్పు ఊడదీసి, గడి చూశాడు. నవ్వలేదు.  ఇరవై ఎనిమిదేళ్లలో, భార్య కాక, ఒంటిగడి బొమ్మ చూసి నవ్వనివాళ్లు ఎదురుగా నిలబడటం ఇదే మొదటిసారి. బల్ల మీద ట్రేలో కత్తెర కూడా ఉంది.

డాక్టరు దీపాన్ని రోగి నోట్లోంచి తిప్పి కాగితం మీదికి వేశాడు.

"లోపల ఎవరు అన్నగారూ?"

"నాకేం తెలుసు?"

"మీరే కదా గీసింది!"

"గీశాను. అడగలేదు."

కుర్చీలో మనిషి ఆఁ ఆఁ అంటున్నాడు. తనకీ చూపించమని. డాక్టరు చూపించాడు. ఆయన దూది ఉమ్మేసి, నీళ్లు పుక్కిలించి, "అయితే ఎవరండీ లోపల?" అని అడిగాడు. పన్ను సంగతి మరిచిపోయాడు. కాసేపటికి డాక్టరూ ఆయనా వాదనకి దిగారు. ఆ మనిషి చెల్లెలని ఒకరు, అసలు ఇంటాయనే అని ఒకరు. ఒంటిగడి నిలబడి విన్నాడు. ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. కత్తెర ట్రేలోనే ఉంది. వాదన అవకముందే మెట్లు దిగి వచ్చేశాడు.

ప్రదర్శన రోజు దూది గోదాములో ఎత్తయిన కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఎంత ఊడ్చినా సందుల్లో మిగిలిన నూగు ఆ ఎండలో తేలుతోంది. ఛాతీ ఎత్తున చుట్ట మూడు గోడలూ తిరిగింది. ఇరవై నాలుగో గడిలో డాక్టరు తలుపు తెరిచాడు. లోపలి నుంచి ఒక ముసలావిడ, నిండు పలువరసతో, "మేమూ తలుపు కోసమే చూస్తున్నామండీ" అంటోంది. అక్కడి నుంచి కథ ఎటో పోయింది. ఆఖరి గడి టీచరు ఎంత చెప్పినా ఒంటిగడి తీసుకోలేదు. అదీ డాక్టరే వేశాడు. అందులో తలుపుకి కూడా పళ్లున్నట్టు కనిపిస్తుంది.

ఒంటిగడి ఇరవై మూడో గడికి ఎదురుగా స్తంభం పక్కన నిలబడ్డాడు. నాలుగో గోడ మీద ఆయన పాత బొమ్మలు ముప్ఫై ఉన్నాయి. అక్కడ జనం ఆగుతున్నారు, నవ్వుతున్నారు, వెనక్కి తిరుగుతున్నారు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. "ఎవరూ?" దగ్గర ఒక్క క్షణం నిలబడి, మెడ ముందుకు చాచి, కుడివైపు ఒక అడుగు వేస్తున్నారు. ఎదురింటాయన వచ్చాడు, వాళ్లబ్బాయితో. ఇద్దరూ ఆగి, ఇద్దరూ అడుగు వేశారు. ఒంటిగడి గంటసేపు ఆ ఒక్క అడుగునే చూశాడు.

మూడున్నరకి భార్య డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, భుజాన సంచితో. మొదటి గడి నుంచి నిదానంగా, వార్డులో మంచాలు చూసుకుంటూ వచ్చినట్టే వచ్చింది. ఇరవై మూడు దగ్గర ఆగింది. నవ్వలేదు. బాగుందనీ అనలేదు. ఏమీ అనకుండా పక్క గడికి జరిగింది. పాత లెక్కన అయితే బొమ్మ చించేయాల్సిందే. ఒంటిగడి స్తంభానికి ఆనుకుని, చేతులు జేబులో పెట్టుకున్నాడు.

ఇద్దరూ కలిసి బయటికి వచ్చి బస్‌స్టాపులో నిలబడ్డారు.

"ఇవాళ వార్డులో ఒకమ్మాయి..." అంది ఆవిడ.

మాట ఒకటి తయారుగా ఉంది. నాలిక మీదికి కూడా వచ్చింది.

"ఊ" అన్నాడు.

బస్సు వచ్చింది. ఆవిడ చెబుతూనే ఉంది. ఎక్కలేదు.